అడుగు పూత

నడిమివలస,
ఏప్రిల్ 7

జగన్నాధం,

ఫోనుండగా బావ ఉత్తరం రాశాడేమిటని కంగారుపడకు. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్లో నువ్వూ మీ అక్కా మాట్లాడుకోవడం పూర్తయి, అది నా చేతికి వచ్చేసరికి "ఉంటాను బావా" అంటావు. నేను అడగాల్సింది ఒక్క ముక్కలో తేలేది కాదు. అందుకే కాగితం పట్టాను.

సంగతి పడవది. మొన్న కార్తీకంలో రైలు వంతెనకు ఎగువన రాళ్ల దగ్గర అడుగు కొంచెం తగిలిందని చెప్పాను కదా. ఆ తర్వాత దాన్ని ఒడ్డుకు లాగి, కళ్లం పక్కన పాకలో దుంగల మీద బోర్లించాం. పగిలిన పలకలు తీసేసి కొత్త మద్ది పలకలు వేయించాను. సందుల్లో దూది కూరడం కూడా అయింది. ఇక అడుగుకు పూత వేయడమే మిగిలింది.

మా నాన్న రోజుల నుంచీ తారే పూస్తున్నాం. తారు ఎండకి మెత్తబడుతుంది, రాయి గీసుకుంటే పెచ్చు లేస్తుంది. మా పడవ సముద్రంలో తిరిగేదీ కాదు, రేవులో నిలిచేదీ కాదు. వానలు తగ్గాక గుమ్మడికాయలు, ఆనపకాయలు, కంద వేసుకుని నాగావళి వాలుకి శ్రీకాకుళం దాకా జారిపోతుంది. తిరిగి ట్రాక్టరెక్కి ఇంటికి వస్తుంది. తెడ్డు దారి చూపడానికే, నడిపేది ఏరే. లోతు లేని చోట అడుగు గులకరాళ్లని రాసుకుంటూ పోతుంది. పోనీ ఆటోలో వేద్దామా అంటే, మా గట్టు దారి కుదుపులకి సగం కాయలు బజారుకు చేరకుండానే చితికిపోతాయి.

నువ్వు ఉద్యోగమంతా రైలు వ్యాగన్లకు రంగులు కొట్టినవాడివి. రిటైరయ్యాక కూడా మధ్యాహ్నాలు మోహనకృష్ణ రంగుల కొట్లోనే కూర్చుంటున్నావట. తారు కాకుండా ఇంకేమైనా ఉందా? రాయి తగిలినా లోపలికి చుక్క రాకూడదు. తీరిగ్గా ఆలోచించి చెప్పు. తొందరేమీ లేదు.

తొందరంతా మీ అక్కకే. రోజూ పాక దాకా వెళ్లి చూసొస్తుంది. "పడవని పెళ్లికూతురిలాగ కూకోబెట్టీసినావు. ఎప్పుడు దించుతావేటి?" అంటుంది.

తిరుమలరావు


కొత్తవలస,
ఏప్రిల్ 19

బావా,

నీ ఉత్తరం అరుణశ్రీ కూడా చదివింది. "పెళ్లయిన కొత్తలో మీరు నాకో కార్డు ముక్క రాయలేదు. మీ బావ సూడండి, పడవ కోసం కాగితం రెండు పక్కలా రాసినాడు" అని నన్ను దెప్పింది. ఆ దెబ్బకి నేనూ కాగితమే పట్టాను.

నిజం చెప్పనా, చాలా రోజుల తర్వాత పొద్దున్నే లేవడానికి ఒక పని దొరికినట్టుంది. మోహనకృష్ణ కొట్లో ఉన్న డబ్బాలన్నీ దింపించి చదివాను. తారు సంగతి నీకు తెలిసిందే. ఫైబరు అని ఉంది. గాజుదారంతో నేసిన గుడ్డని రెసిన్‌తో అడుగంతా అతికించేస్తారు. సముద్రం పడవలు ఇప్పుడు చాలామటుకు అవే. లారీ తొట్టెల్లో కొట్టే రబ్బరు పూత ఒకటుంది, రాయి పడ్డా అణుగుతుంది గానీ పగలదట. నాకు మనసైంది మాత్రం ఎపాక్సీ. రెండు డబ్బాల్లోవి కలిపి పూస్తే రాయిలా బిగుస్తుంది. అందులో గ్రాఫైటు, అంటే పెన్సిల్లో ఉండే నల్ల పొడి, కలిపామంటే అడుగు నున్నగా అయి గులకరాళ్ల మీద జారిపోతుంది. పట్టు తప్పదు, నీరు దూరదు.

నా మాట నమ్మి పూసేయమనను. ఒకే చెక్కలోంచి కోసిన ముక్కలకి ఒక్కోదానికి ఒక్కో పూత వేసి ఆరబెడుతున్నాను. వీధరుగంతా నాదే. వాసనకి పాలబ్బాయి గిన్నె దూరం నుంచే అందుకుని పోతున్నాడు. మీ పడవలో ముందు తెడ్డు పట్టే త్రినాథ్ అత్తారిల్లు మా వీధి చివరే కదా, వచ్చినప్పుడు అతని చేత పంపిస్తాను. ఏట్లో నానబెట్టు, రాళ్ల మీద ఈడ్పించు, నీకు తోచినన్ని హింసలు పెట్టు. ఏది నిలబడితే అది వేద్దాం.

అక్కని కాళ్లకి నూనె రాసుకోమను. ఫోన్లో చెప్తే ఊఁ అంటుంది.

జగన్నాధం


నడిమివలస,
మే 25

జగన్నాధం,

త్రినాథ్ చెక్కముక్కలు తెచ్చి ఇచ్చాడు. నువ్వు చెప్పినట్టే చేశాను. కొన్నాళ్లు మడుగులో రాళ్ల కింద నానబెట్టాను. ఆ తర్వాత వాటిని తాడుతో ట్రాక్టరు వెనక కట్టి, ఏటి ఇసుకలో గులకరాళ్లున్న చోటల్లా ఈడ్పించాను. ఊళ్లో జనం పని మానుకుని వచ్చి చూశారు. నాకేదో అయిందని కొందరు అనుకున్నారట.

తారు ముక్క మేక కొరికినట్టు తయారైంది. రబ్బరుది అంచు దగ్గర లేచి, అక్కణ్ణుంచి పనసతొక్కలా ఊడొచ్చింది. ఫైబరు గట్టిదే. ఒక్కచోట వెంట్రుకంత పగులిచ్చింది, అంతే. అయితే ఆ పగులు దగ్గర ఉలితో లేపి చూస్తే లోపల చెక్క తడిగా ఉంది. పైకి మాత్రం ఏమీ తెలియదు. అలాంటిది నాకొద్దు. లోపల కుళ్లుతున్నా పైకి నవ్వుతూ ఉంటుంది.

నీ ఎపాక్సీ ముక్కకి గీతలు పడ్డాయంతే. అది మెచ్చుకోవాల్సిందే. అయినా నాకెందుకో సందేహంగా ఉంది. మరీ నున్నగా ఉంది. అడుగు అంత నున్నగా ఉంటే పడవ మరీ జోరుగా పోతుందేమో. అదీగాక రెండు డబ్బాలు కలపడంలో పాళ్లు తప్పితే? ఎండలో పూయకూడదని త్రినాథ్‌తో చెప్పి పంపావు, వానలోనూ పూయకూడదట. ఇంకేదైనా ఉందేమో చూడు. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు దించుకుంటాం. ఏరు ఎక్కడికీ పోదు.

మీ అక్క నా పరీక్షలన్నీ చూసి, ఎపాక్సీ ముక్క చేతిలోకి తీసుకుని గోరుతో గీకింది. "ఇది బాగానే ఉన్నాది కదా, ఇంకేటి?" అంది. ఇంకా చూడాలన్నాను. ముక్క నా ఒళ్లో పడేసి, గుమ్మడి విత్తనాలు నానబెట్టడానికి వెళ్లిపోయింది. ఈసారి గట్టు పక్క పొలమంతా గుమ్మడే పెడుతుందట.

తిరుమలరావు


కొత్తవలస,
జూన్ 14

బావా,

త్రినాథ్ నిన్న అత్తారింటికి వచ్చి, మా అరుగు మీద కూర్చుని టీ తాగాడు. నేను మామూలుగా అడిగాను, అడుగు ఎక్కడ తగిలింది, ఎంత మేర గీసుకుంది అని. పూత ఎంత మందం వేయాలో తెలుసుకుందామని. అతను నా ముఖం అదోలా చూశాడు.

"గీసుకోడమేటి బాబుగారూ, పడవ నిలువునా సీలిపోనాది కదా. భారతమ్మగారు ఏట్లో కొట్టుకుపోనారు. మీకు సెప్పనేదా?" అన్నాడు.

చెప్పలేదు బావా. నువ్వు చెప్పలేదు, కొట్టుకుపోయిన అక్కా చెప్పలేదు. కార్తీకం నుంచి ఇప్పటిదాకా అక్క నాతో వారం వారం ఫోన్లో మాట్లాడింది. ఆవు ఈనిన సంగతి చెప్పింది, ఆమదాలవలస సంతలో కొన్న చీర రంగు చెప్పింది, ఎదురింటివాళ్ల కోడలి ఉద్యోగం చెప్పింది. ఇది చెప్పలేదు. నువ్వేమో "అడుగు కొంచెం తగిలింది" అని రాశావు. ఆ కొంచెం మీదనే నేను రెండు నెలలుగా కొట్లో డబ్బాలు తిరగేస్తున్నాను.

మీరిద్దరూ నన్నెవరనుకుంటున్నారో తెలియడం లేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది అది. అది నీళ్లలో కొట్టుకుపోయిందని వీధి చివరింటి అల్లుడు టీ తాగుతూ చెప్పాలా నాకు?

పూత గురించి ఇప్పుడేమీ రాయను. ముందు జరిగింది జరిగినట్టు రాయి. ఫోను చేసి అక్కని అడగగలను గానీ, అది నవ్వి మాట మార్చేస్తుంది. నువ్వే రాయి.

జగన్నాధం


నడిమివలస,
జూలై 2

జగన్నాధం,

నీ కోపం న్యాయమైనదే. చెప్పొద్దన్నది మీ అక్క. "ఆడికి తెలిస్తే ఏటికి తాళమెయ్యమంతాడు" అంది. నాకూ చెప్పాలని లేకపోయింది. ఎందుకో రాస్తాను.

ఆ పొద్దున మంచు పట్టింది. అయినా దారి కనిపిస్తూనే ఉంది. త్రినాథ్ ముందు, నేను వెనక, మధ్యలో గుమ్మడికాయల కుప్ప మీద మీ అక్క. ఎప్పుడూ వెళ్లే దారే. వంతెన ఇంకా దూరంగా ఉండగా కింద ఏదో పట్టుకుని లాగినట్టయింది. వరదకి అడుగున ఏ రాయి ఎటు దొర్లిందో ఎవరికి తెలుసు. పలక విరిగిన చప్పుడు విన్నాను. నీళ్లు మోకాళ్ల దాకా రావడం, పడవ ఒరిగిపోవడం ఒక్కసారే జరిగాయి. త్రినాథ్, నేను రాయిని పట్టుకున్నాం. చూసేసరికి మీ అక్క లేదు.

కనపడలేదు జగన్నాధం. ఏటి మీద గుమ్మడికాయలు తేలుకుంటూ పోతున్నాయి గానీ ఆమె లేదు. నేను అరిచాను. ఏమని అరిచానో తెలియదు. త్రినాథ్ నా చొక్కా పట్టుకోకపోతే దూకేసేవాణ్ణి, నీకు తెలుసు కదా నా ఈత.

ఒడ్డెక్కి, రెల్లు దుబ్బుల్లోంచి పడుతూ లేస్తూ పరిగెత్తాం. వంతెన దాటాక ఇసుకమేట మీద కనిపించింది. ఒక గుమ్మడికాయని పొట్టకి అదుముకుని దాంతోపాటే తేలి వచ్చిందట. నేను వెళ్లేసరికి కొంగు బిగించి, నీళ్లలోంచి కాయలు ఏరుతోంది. నన్ను చూసి, "అలగ నిలబడిపోనావేటి? కాయలెల్పోతన్నాయి, బేగి పట్టు" అంది.

నేను పట్టాను. ఇద్దరం కాయలు ఏరాం. ఇంటికొచ్చి వేడినీళ్లు పోసుకుని, అన్నం తిని, ఆమె హాయిగా పడుకుంది. నాకే ఆ ఇసుకమేటకి చేరేముందు పరిగెత్తిన కాసేపూ ఇంకా అవలేదు.

ఇప్పుడు మళ్లీ వెళ్తానంటోంది. నేనొద్దంటే త్రినాథ్‌ని తీసుకుని వెళ్తుంది, ఆమె సంగతి నీకు చెప్పాలా. కింద తనూ రాస్తానంటోంది, ఇస్తున్నాను.

తిరుమలరావు

తమ్ముడూ, నాకేటీ అవనేదు. రెండు గుక్కలు నీళ్లు మింగినాను, అంతే. అయినాదంతా మీ బావకే. పాక దాటి ఏటికేసి రావడం మానీసినాడు. నాను కోప్పడితే పూతలు సూస్తన్నానంటాడు. నువ్వు దీనికేదో ఒకటి సెయ్యాల. అరుణశ్రీని అడిగినానని సెప్పు. — అక్క


కొత్తవలస,
జూలై 16

బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అక్క కోసం, రెండోసారి నీ కోసం. కోపం పోయింది.

తారు వద్దన్నావు, రబ్బరు వద్దన్నావు, ఫైబరు వద్దన్నావు. వాటికి కారణాలున్నాయి. ఎపాక్సీ నున్నగా ఉంది కాబట్టి వద్దన్నావు చూడు, అక్కడే నాకు అనుమానం రావలసింది. నీకు కావలసిన పూత మోహనకృష్ణ కొట్లో లేదు బావా. అక్కకి ఇంకెప్పుడూ ఏమీ కాదని హామీ ఇచ్చే డబ్బా ఎవరూ తయారుచేయలేదు. ఉంటే నేను అరుణశ్రీకీ, ఆరో నెల నడుస్తున్న మా అమ్మాయి సుహాసినికీ ఎప్పుడో పూసేసేవాణ్ణి.

అయినా నీ సందేహం ఊరికే పోలేదు. దానివల్ల మళ్లీ మొదటినుంచీ ఆలోచించాను. నేను నీకు పంపినవి ఒంటి చెక్కముక్కలు. నీ పడవ అలా కాదు, పలకలు పక్కపక్కన పేర్చి దూది కూరినది. నీళ్లలో ఉబ్బుతుంది, పాకలో ఆరుతుంది. మా పాత వ్యాగన్ల చెక్క అడుగులకు మేం ఎంత మంచి రంగు కొట్టినా అతుకుల దగ్గరే చిట్లేది. రాయిలా బిగిసే పూత కదిలే పలకల మీద నిలవదు. చిట్లిన చోట నీరు దూరి, నువ్వు ఫైబరు కింద చూసినట్టే, లోలోపల కుళ్లబెడుతుంది. నా ఎపాక్సీ నీ అడుగుకి పనికిరాదు. ఇది రాయడానికి నాకు కాస్త కష్టంగానే ఉంది.

ఇదిగో నా నిర్ణయం. పలాసలో జీడిపిక్కలు కాల్చి తీసే నూనె తెప్పిస్తున్నాను. దాన్ని వేడిచేసి పలకలు తాగినంత తాగిస్తాం. పురుగు పట్టదు, నీరు ఇంకదు, చెక్క కదిలితే తనూ కదులుతుంది. దానిమీద గుగ్గిలం కలిపి కాచిన తారు పల్చగా. ఇక రాళ్ల సంగతి. అడుగు పొడవునా సన్నటి చెక్కబద్దలు మేకులతో బిగిద్దాం. రాయి తగిలితే ముందు బద్దకి తగలాలి. అరిగితే ఊడదీసి కొత్తది కొట్టుకోవచ్చు. బద్దలు ఒంటి చెక్కవే కాబట్టి వాటికి ఎపాక్సీ, గ్రాఫైటు. నా డబ్బాలు నేను వాడకుండా ఉండను.

ఇదంతా నీకు రాసి ఊరుకుంటే నువ్వు మళ్లీ ట్రాక్టరు వెనక కడతావు. అందుకని ఆగస్టులో వాన తెరిపిచ్చిన వారం చూసి నేనే వస్తున్నాను. అక్కని అడ్డం రావద్దను. నన్ను చూసి ఏడవొద్దను, నేను ముందు ఏడుస్తాను.

జగన్నాధం


విజయనగరం,
అక్టోబర్ 21

బావా,

సుహాసినికి ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. అక్కకి ఫోన్లో చెప్పాను, నీకు విడిగా రాయాలనిపించింది. పిల్ల ముక్కు అచ్చం అక్కదే. అరుణశ్రీ ఒప్పుకోవడం లేదు.

జీడినూనె పడి నా మణికట్టు మీద పొక్కిన చోట చర్మం ఊడి కొత్తది వచ్చింది. చేతులకి గుడ్డలు చుట్టుకోమని నువ్వు చెప్తూనే ఉన్నావు, వ్యాగన్ల దగ్గర ఇలాంటివి చూశానని నేను విన్లేదు. అక్క రోజూ కొబ్బరినూనె రాస్తూ తిట్టిన తిట్లు మాత్రం ఇంకా చెవిలో ఉన్నాయి. చిన్నప్పటి తర్వాత అన్ని తిట్లు ఒక్కసారి తినడం ఇదే.

ఆ పాకలో గడిపిన రోజులు నాకు బాగున్నాయి బావా. నువ్వు నూనె కాచడం, నేను పూయడం, త్రినాథ్ బద్దలు చిత్రిక పట్టడం, వాన పడి పాక కారితే ముగ్గురం పడవ కిందకే దూరి కూర్చోవడం. ఆఖరి రోజు నువ్వు అడుగు మీద అరచేయి పెట్టి చాలాసేపు ఉంచావు. నేను చూడనట్టు డబ్బాలు సర్దుకున్నాను.

నీళ్లలోకి దించేటప్పుడు ఉండాలనుకున్నాను. పిల్ల ముందొచ్చింది. ఎలా జరిగిందో రాయి. ఏదీ దాచకుండా.

జగన్నాధం


నడిమివలస,
నవంబర్ 18

జగన్నాధం,

మనవరాలికి నా ముద్దులు. ముక్కు మీ అక్కది కాకపోవడమే పిల్లకి మంచిది. ఈ మాట మీ అక్క చూడకముందే కవరు అంటిస్తాను.

పడవ దించాం. మొదటి రోజు ఖాళీగానే రేవు దగ్గర కట్టి ఉంచాను. పలకలు నీళ్లు తాగి బిగిసేదాకా కొంచెం చెమ్మ వచ్చింది, తర్వాత ఆగిపోయింది. పోయిన వారం కాయలెక్కించాం. మీ అక్కని ఒడ్డునే ఉండమని చెప్దామనుకున్నాను. నేను నోరు తెరిచేసరికి కుప్ప మీద ఎక్కి కూర్చుని ఉంది.

"దిగమంటావా?" అంది.

"దిగమంటే దిగుతావా?" అన్నాను.

"నేదు."

"అయితే అడగడమెందుకు?"

త్రినాథ్ తెడ్డుతో గట్టుని నెట్టేశాడు.

దాచకుండా రాయమన్నావు కదా. వంతెనకు ఎగువకు వచ్చేసరికి నా చేతులు తెడ్డు మీద బిగుసుకుపోయాయి. ఈసారి ఎండ పడింది, నీళ్లు తేటగా ఉన్నాయి. ఆ రాయి కనిపించింది. త్రినాథ్ దాన్ని దూరం నుంచే చూసి పడవని ఎడమకి తిప్పాడు. గేదె వీపంత ఉంది, అంతే. దాన్ని దాటాక లోతులేని చోట గులకరాళ్లు అడుగుని గర్రుమని గీసుకున్నాయి. నేను తెడ్డు వదిలేసి వంగి, కాయలు పక్కకి నెట్టి, అడుగుపలక తడిమి చూశాను. పొడిగా ఉంది. ఇంకో చోట తడిమాను. అక్కడా పొడిగానే ఉంది.

మీ అక్క వెనక్కి తిరిగి చూసింది. ఏదో ఒక మాట అంటుందనుకున్నాను. కొంగులో కట్టుకున్న వేరుశనగకాయలు తీసి నా దోసిట్లో పోసింది. రెండు చేతులా కాయలుంటే తెడ్డెలా పడతాను? త్రినాథ్ ఒక్కడే నడిపాడు. నేను తింటూ కూర్చున్నాను. గట్ల మీద వరిచేలు పండి పసుపుగా ఉన్నాయి. ఆ దారిని చూసి ఏడాదైంది.

శ్రీకాకుళంలో కాయలు దింపుకుంటూ బేరగాళ్లు ఒక్కదానికైనా దెబ్బలేదని మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి పడవని బోర్లించి చూశాం. నీ బద్దల మీద గీతలున్నాయి, ఒకదాని కొన కొంచెం చితికింది. పలకలకి ఏమీ కాలేదు. ఆ బద్ద మార్చనా అని త్రినాథ్ అడిగితే, మా బావమరిది ఒప్పుకోడు, ఇంకో రెండు ప్రయాణాలు ఓపుతుందంటాడు అని చెప్పాను. సరేనా?

ఈ రోజు రెండోసారి వెళ్లారు. నేను వెళ్లలేదు. కంద తవ్వాలని చెప్పాను, నిజంగానే తవ్వాలి. మీ అక్క నా ముఖం ఒకసారి పరీక్షగా చూసి, "సాయంత్రానికి ఒచ్చీస్తాం. అన్నం ఒండుతావా?" అంది. వండుతానన్నాను. పడవ మలుపు తిరిగేదాకా గట్టు మీద నిలబడ్డాను. ఆ తర్వాత పొలంలోకి వెళ్లాను. గునపం పోటుకి పెద్ద దుంప ఒకటి పగలకుండా లేచింది. దాని చుట్టూ మట్టి తీస్తూ ఉండిపోయాను. ఎండ నెత్తికెక్కాక గాని, వాళ్లు ఈపాటికి వంతెన దాటేసి ఉంటారన్న సంగతి తట్టలేదు. తట్టాక కూడా గునపం ఆపలేదు.

ఇప్పుడు అన్నం వార్చేసి, కందకూర పొయ్యి మీద పెట్టి, అరుగు మీద కూర్చుని నీకు రాస్తున్నాను. దారి మీద ట్రాక్టరు చప్పుడు వినిపిస్తోంది. కూర అడుగంటిన వాసన కూడా వస్తోంది. దీనికి మీ అక్క ఊరుకోదు.

తిరుమలరావు